ఇటలీ రాజకీయాల్లో క్రిస్టియన్ డెమోక్రసీ, క్యాథలిక్ చర్చి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇటలీ రాజకీయాల ప్రస్తావన వస్తే మన దగ్గర రెండు మాటలు వినిపిస్తాయి. అక్కడ ప్రభుత్వాలు ఏడాది తిరక్కుండానే పడిపోతాయని ఒకటి, అక్కడ పోప్ మాటే శాసనమని ఇంకొకటి. మొదటిది చాలావరకు నిజం. రెండోది నమ్మితే గత నూరేళ్ళ ఇటలీ చరిత్ర ఒక్క ముక్క కూడా అర్థం కాదు. పోప్‌ను ప్రాణంగా నమ్మినవాళ్ళే, రాజ్యం విషయంలో మాత్రం పోప్‌కు ఎదురు నిలిచిన సందర్భాలు ఆ చరిత్రలో ఉన్నాయి. ఈ పేజీలో నేను ఎక్కువగా చెప్పదలచుకున్నది వాళ్ళ గురించే.

ఇటలీ అంతా క్యాథలిక్కులే కదా, మళ్ళీ వాళ్ళకో ప్రత్యేక పార్టీ ఎందుకు?

ఆధునిక ఇటలీ పుట్టిందే పోప్‌తో పోరాడి. 1870 సెప్టెంబర్ 20న ఇటలీ సైన్యం పోర్తా పియా దగ్గర రోమ్ నగరపు గోడను ఫిరంగులతో బద్దలుకొట్టి లోపలికి దూసుకొచ్చింది. శతాబ్దాల తరబడి పోప్‌ల ఏలుబడిలో ఉన్న ఊరు కొత్త రాజ్యానికి రాజధాని అయింది. అప్పటి పోప్ తొమ్మిదో పయస్ వాటికన్ దాటి బయటికి రానని, తాను అక్కడ ఖైదీనని ప్రకటించుకున్నారు. పార్లమెంటు ఎన్నికల్లో క్యాథలిక్కులు పోటీ చేయకూడదు, ఓటు కూడా వేయకూడదు అని చర్చి ఆంక్ష పెట్టింది. అది ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కొంచెం కొంచెంగా సడలి, 1919లో పూర్తిగా పోయింది.

దేశంలో అత్యధికుల మతం దేశ రాజకీయానికి బయట నిలబడిపోయిందన్నమాట. అయితే ఆ ఏళ్ళన్నీ వాళ్ళు చేతులు కట్టుకుని కూర్చోలేదు. ఉత్తరాన వెనెతో, లొంబార్దియా పల్లెల్లో ఫాదర్లు ముందుండి సహకార బ్యాంకులు, రైతు సంఘాలు, కూలీల సంఘాలు పెట్టారు. తర్వాత వచ్చిన పార్టీకి పునాది అక్కడ పడింది.

క్రిస్టియన్ డెమోక్రసీ అంటే బైబిల్ ప్రకారం రాజ్యం నడపడమా?

కాదు. దీనికి మూలం 1891లో పదమూడో లియో పోప్ రాసిన 'రేరుం నొవారుం' అనే లేఖ. ఫ్యాక్టరీలు వచ్చి కార్మికుల బతుకు చితికిపోతున్న రోజులవి. కార్మికుడికి ఇల్లు గడిచేంత న్యాయమైన కూలి ఇవ్వాలని, సంఘం పెట్టుకునే హక్కు ఉండాలని, ఆస్తి ఉన్నవాడికి దాంతోపాటు బాధ్యత కూడా ఉంటుందని ఆ లేఖ చెప్పింది. వర్గపోరాటాన్ని ఒప్పుకోలేదు, మార్కెట్‌కే అంతా వదిలేయడాన్నీ ఒప్పుకోలేదు.

దాన్నుంచి వచ్చిన రాజకీయ ఆలోచన ఏమిటంటే, మనిషికీ రాజ్యానికీ మధ్య కుటుంబం, ఊరు, సంఘం, యూనియన్, చర్చి ఉంటాయి. ఇవి రాజ్యం దయతో పుట్టినవి కావు కాబట్టి వీటి పని రాజ్యం లాక్కోకూడదు. వీటికి చేతకానప్పుడు మాత్రం పక్కన నిలబడాలి. 1948 ఇటలీ రాజ్యాంగం రెండో అధికరణంలో ఈ ఆలోచన ఇప్పటికీ కనబడుతుంది. మనిషి హక్కులను వ్యక్తిగానూ, తన వ్యక్తిత్వం వికసించే సామాజిక సమూహాల్లో భాగంగానూ గుర్తిస్తున్నామని అక్కడ రాసుంది. సంఘ సంస్కరణ విషయంలో వామపక్షానికి దగ్గరగా, కుటుంబం విషయంలో సంప్రదాయవాదులకు దగ్గరగా ఉండే ఈ పార్టీని కుడి, ఎడమ అనే లెక్కలో ఇరికించబోతే కుదరదు.

లుయీజి స్తూర్జో ఎవరు? ఆయన పెట్టిన పార్టీ ఎందుకు నిలవలేదు?

స్తూర్జో సిసిలీలోని కాల్తజిరోనె ఊరికి చెందిన ఫాదర్. ఊరి పురపాలనను ఏళ్ళ తరబడి నడిపిన అనుభవం ఉన్న మనిషి. 1919 జనవరి 18న ఇటాలియన్ పాపులర్ పార్టీని స్థాపిస్తూ ఆయన విడుదల చేసిన పిలుపు క్యాథలిక్కులను ఉద్దేశించింది కాదు. 'స్వేచ్ఛ, ధైర్యం ఉన్న మనుషులందరికీ' అని మొదలవుతుంది. స్వయంగా ఫాదర్ అయ్యుండీ, పార్టీ పేరులో మతం ఉండకూడదని, పార్టీ చర్చికి విభాగం కాదని ఆయన పట్టుబట్టారు. ఆ ఏడాది నవంబర్ ఎన్నికల్లోనే పార్టీకి 20 శాతానికి పైగా ఓట్లు, 100 సీట్లు వచ్చాయి.

అంతలో ముస్సోలినీ వచ్చాడు. స్తూర్జో ఫాసిజాన్ని మొదటినుంచీ వ్యతిరేకించారు. కానీ వాటికన్ అప్పటికే ముస్సోలినీతో బేరం కుదుర్చుకోవాలనుకుంటోంది. ఒత్తిడి పెరిగి స్తూర్జో 1923లో పార్టీ కార్యదర్శి పదవి వదులుకున్నారు, 1924లో దేశం విడిచిపెట్టారు. లండన్, న్యూయార్క్‌లలో 22 ఏళ్ళ ప్రవాసం. 1926లో అన్ని పార్టీలతోపాటు ఆయన పార్టీ కూడా నిషేధంలో పోయింది. 1929 ఫిబ్రవరి 11న లాతెరాన్ ఒప్పందాలు కుదిరి వాటికన్ స్వతంత్ర రాజ్యం అయింది, క్యాథలిక్ మతం ఇటలీకి రాజ్యమతంగా ఖాయమైంది. ప్రజాస్వామ్యాన్ని కోరుకున్న క్యాథలిక్కులను చర్చి పెద్దలే నడి సముద్రంలో వదిలేశారు. మెత్తగా చెప్పడానికి వీల్లేని సంగతి ఇది.

మరి దె గాస్పెరి ఎక్కడినుంచి వచ్చారు?

అల్చీదె దె గాస్పెరి 1881లో త్రెంతినో ప్రాంతంలోని పియెవె తెజీనోలో పుట్టారు. అప్పట్లో అది ఆస్ట్రియా సామ్రాజ్యంలో భాగం. అందుకే ఆయన మొదట ఎంపీ అయింది వియన్నా పార్లమెంటుకు, 1911లో. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత త్రెంతినో ఇటలీలో కలిసింది. స్తూర్జో తర్వాత పాపులర్ పార్టీ బాధ్యత ఆయన మీద పడింది. 1927లో ఫాసిస్టులు జైల్లో పెట్టారు. బయటికొచ్చాక ఎవరూ పని ఇవ్వడానికి సాహసించలేదు. చివరికి 1929లో వాటికన్ లైబ్రరీలో చిన్న ఉద్యోగం దొరికింది. పార్లమెంటులో పార్టీకి నాయకత్వం వహించిన మనిషి పుస్తకాలకు కేటలాగు కార్డులు రాస్తూ, మారుపేరుతో పత్రికలకు వ్యాసాలు పంపుతూ ఇల్లు గడిపారు. యుద్ధం మధ్యలో, 1942-43లో, పాత మిత్రులతో కలిసి రహస్యంగా కొత్త పార్టీకి ప్రాణం పోశారు. అదే క్రిస్టియన్ డెమోక్రసీ, పొట్టిగా డీసీ. 1945 డిసెంబర్‌లో ప్రధాని అయ్యారు, 1953 దాకా వరసగా ఎనిమిది ప్రభుత్వాలు నడిపారు.

ఆయన ఎలాంటివారో తెలియాలంటే 1946 ఆగస్టు 10న పారిస్ శాంతి సదస్సును చూడాలి. ఓడిపోయిన దేశపు ప్రతినిధిగా లేచి నిలబడి, మీ వ్యక్తిగత మర్యాద తప్ప ఇక్కడ అన్నీ నాకు వ్యతిరేకంగానే ఉన్నాయని తెలుసు అంటూ మొదలుపెట్టారు. ప్రసంగం అయ్యాక హాలంతా మౌనం. ఆయన తిరిగి వెళ్తుంటే చేయి కలిపింది అమెరికా విదేశాంగ మంత్రి బర్న్స్ ఒక్కరే. ఆ స్థితి నుంచి ఐదేళ్ళలో ఇటలీ, ఫ్రాన్స్, జర్మనీలు ఒకే బల్ల ముందు కూర్చుని బొగ్గు, ఉక్కు ఒప్పందం మీద సంతకాలు పెట్టాయి. దానికి దారి వేసిన నాయకులు ఫ్రాన్స్‌లో షూమాన్, జర్మనీలో అడెనావర్, ఇటలీలో ఈయన. ముగ్గురూ సరిహద్దు ప్రాంతాల్లో పెరిగినవాళ్ళే, ముగ్గురూ క్యాథలిక్కులే, ముగ్గురికీ జర్మన్ వచ్చు.

1948 ఎన్నికల్లో చర్చి నిజంగా జోక్యం చేసుకుందా?

చేసుకుంది, బాహాటంగానే. ఏప్రిల్ 18న జరిగిన ఆ ఎన్నికల్లో ఒకవైపు డీసీ, ఇంకోవైపు కమ్యూనిస్టులు, సోషలిస్టులు కలిసిన ప్రజా కూటమి. అంతకు రెండు నెలల ముందే చెకొస్లొవాకియాలో కమ్యూనిస్టులు అధికారం చేజిక్కించుకున్నారు. ఆ భయం ఊరూరా పాకింది. క్యాథలిక్ యాక్షన్ అనే విశ్వాసుల సంస్థ నాయకుడు లుయీజి జెద్దా 'పౌర కమిటీలు' పెట్టి ప్రతి విచారణలోనూ, అంటే ఒక్కో చర్చి పరిధిలోనూ, ఇంటింటి ప్రచారం చేయించారు. పోలింగ్ బూత్ చాటున దేవుడు నిన్ను చూస్తాడు, స్టాలిన్ చూడడు అనే నినాదం అప్పటిదే. అమెరికా డబ్బు, సాయం కూడా పారాయి. డీసీకి 48.5 శాతం, కూటమికి 31 శాతం వచ్చాయి. మరుసటి ఏడాది జూలైలో కమ్యూనిస్టు సిద్ధాంతాన్ని ప్రచారం చేసేవారిని చర్చి నుంచి వెలివేస్తూ వాటికన్ ఉత్తర్వు ఇచ్చింది.

ఆ తర్వాత దె గాస్పెరి చేసిన పని మాత్రం ఎవరూ అనుకున్నది కాదు. దిగువ సభలో ఆయన పార్టీకి సొంతంగానే మెజారిటీ ఉంది. అయినా ఒంటరిగా ప్రభుత్వం పెట్టలేదు. మతంతో సంబంధం లేని లిబరల్, రిపబ్లికన్, సోషల్ డెమోక్రాట్ పార్టీలను కూడా మంత్రివర్గంలోకి తీసుకున్నారు. క్యాథలిక్కులు ఒకవైపు, మిగిలినవాళ్ళంతా ఒకవైపు అయిన దేశం మళ్ళీ చీలిపోతుందని ఆయనకు తెలుసు.

అంటే డీసీ పోప్ చెప్పినట్టే నడిచిందా?

ఈ ప్రశ్నకు జవాబు 1952లో ఉంది. రోమ్ నగరపాలక ఎన్నికలు దగ్గరపడ్డాయి. వాటికన్ ఉన్న నగరం కమ్యూనిస్టుల చేతికి పోతుందేమోనని పన్నెండో పయస్ పోప్ కలవరపడ్డారు. రాచరికవాదులతో, ఫాసిస్టు పార్టీ వారసులైన ఎంఎస్ఐతో డీసీ చేయి కలపాలని వాటికన్ నుంచి ఒత్తిడి మొదలైంది. దానికి పెద్ద దిక్కుగా ముసలి స్తూర్జో పేరే వాడారు. జెస్యూట్ ఫాదర్ లొంబార్ది స్వయంగా దె గాస్పెరి భార్య దగ్గరికి వెళ్ళి నచ్చజెప్పబోయారు.

దె గాస్పెరి ఒప్పుకోలేదు. ఫాసిస్టుల జైలు చూసి వచ్చిన మనిషి వాళ్ళ వారసులతో ఎలా కలుస్తారు? చివరికి వాటికనే వెనక్కి తగ్గింది. డీసీ తన మధ్యేవాద మిత్రులతోనే పోటీ చేసి రోమ్‌లో గెలిచింది. ఆ ఏడాదే ఆయన పెళ్ళయి ముప్పై ఏళ్ళు, కూతురు లుచీయా సన్యాసినిగా శాశ్వత వ్రతం తీసుకునే సందర్భం. కుటుంబంతో కలిసి దర్శనానికి వస్తామని పోప్‌ను కోరారు. పోప్ కాదన్నారు. దానికి ఆయన రాయబారి ద్వారా పంపిన జవాబు సారాంశం ఇది: క్రైస్తవుడిగా ఈ అవమానాన్ని భరిస్తాను, కానీ ఇటలీ ప్రధానిగా నా పదవి గౌరవం కోసం దీనికి వివరణ అడగక తప్పదు.

రోజూ పూజకు వెళ్ళే మనిషి, ఒక కూతుర్ని చర్చికి ఇచ్చిన తండ్రి రాసిన మాటలివి. మతాన్నీ రాజ్యాన్నీ వేరుగా ఉంచడమంటే మతం లేనివాళ్ళు మతం ఉన్నవాళ్ళ మీద గెలవడం అని చాలామంది అనుకుంటారు. నాకు తెలిసినంతలో ఆ పనిని ఇంత నిష్ఠగా, ఇంత మూల్యం చెల్లించి చేసినవాళ్ళలో దె గాస్పెరిదే ముందు వరస.

ఇటలీ రాజ్యాంగంలో చర్చికి ప్రత్యేక స్థానం ఉందా?

ఉంది. రాజ్యం, క్యాథలిక్ చర్చి ఎవరి పరిధిలో వారు స్వతంత్రులు, సార్వభౌములు అని ఏడో అధికరణం చెబుతుంది. వాటి మధ్య సంబంధాలు లాతెరాన్ ఒప్పందాల ప్రకారం ఉంటాయని కూడా అందులోనే ఉంది. 1947 మార్చిలో ఈ అధికరణానికి తొల్యాత్తి నాయకత్వంలోని కమ్యూనిస్టులు అనుకూలంగా ఓటేశారు, సోషలిస్టులు వ్యతిరేకించారు. మతం పేరుతో దేశంలో కొత్త తగాదా వద్దన్నది తొల్యాత్తి లెక్క.

1984 ఫిబ్రవరి 18న సోషలిస్టు ప్రధాని క్రాక్సి, వాటికన్ తరఫున కార్డినల్ కజరోలి కొత్త ఒప్పందం మీద సంతకాలు చేశారు. క్యాథలిక్ మతం రాజ్యమతం అన్న మాట పోయింది. బడిలో మతబోధన ఇష్టమైనవాళ్ళకే. ఫాదర్లకు ప్రభుత్వం జీతాలిచ్చే పద్ధతి బదులు 'వెయ్యికి ఎనిమిది' అనే ఏర్పాటు వచ్చింది. ఆదాయపు పన్నులో 0.8 శాతం చర్చికా, ప్రభుత్వ సేవా పనులకా, ఇంకో మతసంస్థకా అని పన్ను కట్టేవాళ్ళు టిక్కు పెడతారు. ఏమీ టిక్కు పెట్టనివాళ్ళ వాటాను కూడా పెట్టినవాళ్ళ నిష్పత్తిలోనే పంచుతారు. ఎంచుకునేవాళ్ళలో ఎక్కువమంది క్యాథలిక్ చర్చినే ఎంచుకుంటారు కాబట్టి, మౌనంగా ఉన్నవాళ్ళ డబ్బులోనూ సింహభాగం చర్చికే చేరుతుంది. ఇది సరికాదని ఇటలీలో చాలాకాలంగా వాదన ఉంది, నాకూ ఆ వాదనలో పస కనబడుతుంది.

అన్నేళ్ళు అధికారంలో ఎలా ఉండగలిగింది?

1945 చివరి నుంచి 1981 దాకా ప్రధానులందరూ డీసీ వాళ్ళే. ఆ తర్వాత కూడా 1994 వరకు డీసీ లేని ప్రభుత్వం లేదు. కమ్యూనిస్టుల భయం ఒక కారణం. అదొక్కటే అయితే అన్నేళ్ళు సాగేది కాదు. 1950లో భూసంస్కరణ చట్టాలు వచ్చాయి, పెద్ద జమీందారుల భూములు కొంత మేరకైనా రైతులకు దక్కాయి. దక్షిణాది అభివృద్ధికి ప్రత్యేక నిధి పెట్టారు. 1949లో అమింతోరె ఫన్‌ఫాని కార్మిక మంత్రిగా మొదలుపెట్టిన ఇళ్ళ పథకం కూలీల కుటుంబాలను పక్కా ఇళ్ళలోకి చేర్చింది. చిన్న రైతుల సంఘం కొల్దిరెత్తి, కార్మిక సంఘం చీస్ల్, విచారణల్లోని యువజన సంఘాలు పార్టీకి ఓటు తెచ్చిపెట్టేవి.

ఫ్లోరెన్స్ మేయర్ జోర్జో లా పీరా గురించి ఇక్కడ చెప్పకుండా ఉండలేను. న్యాయశాస్త్ర ప్రొఫెసర్, శాన్ మార్కో మఠంలో చిన్న గదిలో ఉండేవారు. ఇల్లు ఖాళీ చేయించిన కుటుంబాల కోసం, ఎవరూ ఉండని పెద్ద భవంతులను నగరపాలక సంస్థ తరఫున స్వాధీనం చేసుకున్నారు. 1953లో పిన్యోనె ఫ్యాక్టరీ మూతపడబోతే కార్మికుల పక్షాన నిలబడి, ప్రభుత్వ చమురు సంస్థ ఎని అధినేత మత్తెయితో దాన్ని కొనిపించారు. సొంత పార్టీలోని వ్యాపార పక్షం వాళ్ళే ఆయన్ను తిట్టిపోశారు. 2018లో చర్చి ఆయన్ను పూజ్యుడిగా ప్రకటించింది.

రెండో ముఖం కూడా ఉంది. ప్రభుత్వ రంగ సంస్థలు, బ్యాంకులు, టీవీ అన్నీ పార్టీ మనుషులతో నిండిపోయాయి. టీవీ ఛానళ్ళను కూడా పంచుకున్నారు: మొదటిది డీసీకి, రెండోది సోషలిస్టులకు, తర్వాత మూడోది కమ్యూనిస్టులకు. దక్షిణాదిలో ఉద్యోగం, పింఛను, ఆసుపత్రిలో మంచం దేనికైనా నాయకుడి సిఫారసు కావాల్సిందే.

పార్టీలోపల వర్గాలు ఎన్నో. ఎవరికి ఎన్ని మంత్రి పదవులు అన్న పేచీ తీర్చడానికి 1960ల చివర్లో మాసిమిలియానో చెంచెల్లి అనే పార్టీ ఉద్యోగి ఒక లెక్క తయారుచేశారు. మహాసభలో ఏ వర్గానికి ఎంత శాతం బలం వచ్చిందో చూసి, కంపెనీ వాటాదారులకు లాభం పంచినట్టు పదవులు పంచడమే ఆ లెక్క. ముఖ్యమైన శాఖ ఒకటి, చిన్న శాఖలు కొన్ని ఒకదానికొకటి సరితూగేలా తూకం వేసేవారు. ఇటలీ పత్రికలు మంత్రివర్గ కూర్పు గురించి రాసేటప్పుడు ఇప్పటికీ 'చెంచెల్లి సూత్రం' అంటాయి. మన దినపత్రికల్లో సామాజిక సమీకరణాల కథనాలు చదివినవాళ్ళకు ఇది కొత్తగా ఏమీ అనిపించదు.

మాఫియాతో సంబంధాల ఆరోపణలు నిజమేనా?

సిసిలీ వరకు నిజమే, అయితే ఒకే పార్టీలో మాఫియా మిత్రులూ ఉన్నారు, మాఫియా చంపినవాళ్ళూ ఉన్నారు. ఏడుసార్లు ప్రధాని అయిన జూలియో ఆంద్రెయోత్తికి సిసిలీలో కుడిభుజం సాల్వో లీమా. 1992 మార్చిలో లీమాను మాఫియా వాళ్ళే కాల్చి చంపారు. మాఫియాతో సంబంధాల కేసులో ఆంద్రెయోత్తి 1999లో నిర్దోషిగా బయటపడ్డారు. 2003లో అప్పీలు కోర్టు మాత్రం 1980 వసంతం దాకా సంబంధాలు ఉన్నాయని, కాలపరిమితి దాటినందున శిక్ష వేయలేమని చెప్పింది. సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది.

అదే పార్టీకి చెందిన పియెర్సాంతి మత్తరెల్లా సిసిలీ ప్రాంతీయ ప్రభుత్వాధినేతగా కాంట్రాక్టుల్లో మాఫియా వేలు పెట్టకుండా అడ్డుకున్నారు. 1980 జనవరి 6న, పండుగ రోజు, కుటుంబంతో పూజకు బయల్దేరుతుంటే పాలెర్మోలో కారులోనే కాల్చేశారు. కారులోంచి ఆయన్ను బయటికి తీస్తున్న తమ్ముడి ఫొటో ఒకటి ఉంది. ఆ తమ్ముడి పేరు సెర్జో మత్తరెల్లా. 2015 నుంచి ఇటలీ రాష్ట్రపతి.

అల్దో మోరో హత్యను అంత పెద్ద మలుపు అని ఎందుకంటారు?

1976లో డీసీకి 38.7 శాతం, కమ్యూనిస్టులకు 34.4 శాతం ఓట్లు వచ్చాయి. కమ్యూనిస్టు నాయకుడు బెర్లింగ్వేర్ అప్పటికే, చిలీలో సైనిక కుట్ర చూశాక, క్యాథలిక్కులతో 'చారిత్రక రాజీ' కావాలంటున్నారు. డీసీ వైపు నుంచి ఆ తలుపు తెరిచింది పార్టీ అధ్యక్షుడు, మాజీ ప్రధాని మోరో. కమ్యూనిస్టుల మద్దతుతో ఆంద్రెయోత్తి ప్రభుత్వం విశ్వాసం కోరబోతున్న రోజునే, 1978 మార్చి 16న, రోమ్‌లోని ఫానీ వీధిలో రెడ్ బ్రిగేడ్స్ అనే వామపక్ష తీవ్రవాద ముఠా దాడి చేసి ఐదుగురు అంగరక్షకులను చంపి మోరోను ఎత్తుకెళ్ళింది.

55 రోజులు. బందీగా ఆయన రాసిన ఉత్తరాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఖైదీల మార్పిడికి ఒప్పుకోమని పార్టీని బతిమాలారు. ప్రభుత్వం చర్చలు కుదరవంది, కమ్యూనిస్టులూ అదే అన్నారు. అప్పటి పోప్ ఆరో పౌలుకు మోరో పరాయివాడు కాదు. తాను క్యాథలిక్ విద్యార్థి సంఘానికి గురువుగా ఉన్న తరం, ఆ తర్వాతి తరమే డీసీని నడిపింది, మోరో ఒకప్పుడు ఆ సంఘానికి అధ్యక్షుడు. 'రెడ్ బ్రిగేడ్స్ మనుషులారా' అని సంబోధిస్తూ, షరతులు లేకుండా వదిలేయమని పోప్ స్వయంగా లేఖ రాశారు. మే 9న కయెతాని వీధిలో ఎర్ర రెనో కారు డిక్కీలో మోరో శవం దొరికింది. ఆ వీధి డీసీ కార్యాలయానికీ, కమ్యూనిస్టు పార్టీ కార్యాలయానికీ నడిచి వెళ్ళేంత దూరం. కుటుంబం ప్రభుత్వ లాంఛనాలు వద్దంది. మే 13న లాతెరాన్ బసిలికాలో పోప్ చేసిన ప్రార్థనలో శవపేటిక లేదు. మూడు నెలలు తిరక్కుండానే ఆయన కూడా కన్నుమూశారు.

మోరో పోయాక ఆ పార్టీకి ముందుచూపు పోయిందని నా నమ్మకం. పదవులు నిలుపుకోవడం తెలిసినవాళ్ళు మిగిలారు.

చర్చి గట్టిగా వద్దన్నా విడాకుల చట్టం ఎలా నిలిచింది?

1970 డిసెంబర్‌లో విడాకుల చట్టం వచ్చింది. దాన్ని రద్దు చేయమని చర్చి అండతో రిఫరెండం పెట్టించారు. ఫన్‌ఫాని ఊరూరా తిరిగి ప్రచారం చేశారు. 1974 మే 12, 13 తేదీల్లో 59 శాతానికి పైగా ఓటర్లు చట్టం ఉండాలన్నారు. క్యాథలిక్కుల్లోనే చాలామంది, కొందరు ఫాదర్లు సహా, నా విశ్వాసం నాది, చట్టం అందరిదీ అన్నారు.

1978 మేలో వచ్చిన గర్భస్రావ చట్టం మీద సంతకాలు పెట్టినవాళ్ళు డీసీ ప్రధాని, డీసీ రాష్ట్రపతి. పార్లమెంటు ఆమోదించాక అది వాళ్ళ రాజ్యాంగ విధి. 1981లో ఆ చట్టం మీద పెట్టిన రిఫరెండంకు నాలుగు రోజుల ముందు రెండో జాన్ పాల్ మీద కాల్పులు జరిగాయి. పోప్ ఆసుపత్రిలో ఉన్నారు, దేశమంతా ఆయన కోసం ప్రార్థిస్తోంది. అయినా 68 శాతం చట్టాన్నే నిలబెట్టారు. అయితే మనస్సాక్షి పేరుతో గర్భస్రావం చేయనని చెప్పే హక్కు ఆ చట్టంలోనే డాక్టర్లకు ఉంది, సగానికి పైగా గైనకాలజిస్టులు దాన్ని వాడుకుంటారు. కొన్నిచోట్ల ఆడవాళ్ళు వేరే ఊరు వెళ్ళాల్సి వస్తోంది.

ఈ పార్టీలో ఆడవాళ్ళకు చోటు ఉండేదా?

ఓట్లలో చాలా పెద్ద చోటు, పదవుల్లో చిన్న చోటు. కానీ తీనా అన్సెల్మి ఒక్కరు చాలు. 1944 సెప్టెంబర్‌లో బస్సానో దెల్ గ్రప్పాలో నాజీలు, ఫాసిస్టులు కలిసి 31 మందిని చెట్లకు ఉరితీశారు. ఆ శవాలను బడిపిల్లలకు బలవంతంగా చూపించారు. ఆ పిల్లల్లో పదిహేడేళ్ళ తీనా ఒకరు. కొద్ది రోజుల్లోనే ప్రతిఘటన దళంలో చేరి సైకిల్ మీద సందేశాలు మోశారు. 1976లో ఇటలీ తొలి మహిళా మంత్రి అయ్యారు. 1978 డిసెంబర్‌లో ఆరోగ్య మంత్రిగా జాతీయ ఆరోగ్య సేవను తెచ్చారు. పేదా గొప్పా తేడా లేకుండా అందరికీ వైద్యం అందించే ఆ వ్యవస్థ ఇప్పటికీ నడుస్తోంది. తర్వాత పీ2 అనే రహస్య సంఘం మీద పార్లమెంటరీ విచారణకు అధ్యక్షత వహించి, సొంత పార్టీ వాళ్ళకు కూడా కంటగింపయ్యారు.

డీసీ ఎలా కూలిపోయింది?

రెండేళ్ళలో. బెర్లిన్ గోడ పడ్డాక కమ్యూనిస్టుల భయం చెప్పి ఓటడగడం కుదరలేదు. 1992 ఫిబ్రవరి 17న మిలాన్‌లో మారియో కియేజా అనే సోషలిస్టు నాయకుడు లంచం తీసుకుంటూ దొరికాడు. తీగ లాగితే డొంకంతా కదిలింది. డీసీ, సోషలిస్టు నాయకులు వందల సంఖ్యలో కేసుల్లో ఇరుక్కున్నారు. 1994 జనవరి 18న, స్తూర్జో పార్టీ పుట్టిన తేదీనే ఎంచుకుని, పార్టీ కార్యదర్శి మార్తినాజ్జోలి డీసీని మూసి పాపులర్ పార్టీ పాత పేరుకు మారారు. మార్చి ఎన్నికల్లో దానికి 11 శాతం వచ్చింది. ఎన్నికల్లో గెలిచింది టీవీ ఛానళ్ళ యజమాని బెర్లుస్కోని.

ఆ నాయకులు, ఓట్లు ఎటు వెళ్ళాయి?

అన్ని వైపులకూ. కజీని వర్గం బెర్లుస్కోనితో కలిసింది. ఎడమ వైపు మొగ్గినవాళ్ళు రొమానో ప్రోది వెంట మాజీ కమ్యూనిస్టులతో చేయి కలిపి, 2007లో వాళ్ళతో కలిసి డెమోక్రటిక్ పార్టీ అయ్యారు. మోరో, బెర్లింగ్వేర్ కలలుగన్న కలయిక ముప్పై ఏళ్ళు ఆలస్యంగా, బాగా నీరసించి, అలా జరిగింది. తర్వాత ప్రధానులైన ఎన్రికో లెత్తా, మత్తెయో రెంజి ఇద్దరూ ఆ పాపులర్ పార్టీ పాదులోంచి వచ్చినవాళ్ళే.

ఇప్పుడు చర్చి మాట చెల్లుతోందా?

పార్టీ పోయాక చర్చి నేరుగా రంగంలోకి దిగింది. 1991 నుంచి 2007 దాకా బిషప్పుల సమాఖ్య అధ్యక్షుడు కార్డినల్ రుయీని అందులో ఆరితేరారు. 2005లో కృత్రిమ గర్భధారణ చట్టం మీద రిఫరెండం వస్తే, ఓడించమని కాక అసలు ఓటుకే వెళ్ళొద్దని పిలుపునిచ్చారు. సగం మంది ఓటేయకపోతే రిఫరెండం చెల్లదు. 26 శాతం మంది మాత్రమే వచ్చారు. కానీ 2016లో స్వలింగ జంటల సహజీవనానికి చట్టబద్ధత ఇచ్చే చట్టాన్ని ఆపలేకపోయారు. బడి గదుల్లో సిలువ ఉండటం హక్కుల ఉల్లంఘన కాదని 2011లో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం తీర్పు ఇచ్చాక ఆ గొడవ సద్దుమణిగింది.

ఈ మధ్య మతాన్ని వేదికల మీద ఎక్కువగా చూపిస్తున్నది కుడిపక్షం. 2019లో లీగ్ పార్టీ నాయకుడు సాల్వీని ఎన్నికల సభలో జపమాల పైకెత్తి ముద్దుపెట్టుకున్నారు. వాటికన్ పెద్దలే దాన్ని తప్పుపట్టారు. అదే ఏడాది జోర్జా మెలోని సభలో నేను ఆడదాన్ని, తల్లిని, ఇటాలియన్‌ను, క్రైస్తవురాలిని అని ప్రకటించుకున్నారు, 2022లో ప్రధాని అయ్యారు. ఆమె వచ్చిన రాజకీయ కుదురు ఎంఎస్ఐది. అంటే 1952లో దె గాస్పెరి చేయి కలపనన్న పార్టీ. అందుకే ఈ రాజకీయాన్ని క్రిస్టియన్ డెమోక్రసీకి కొనసాగింపు అనడం నాకు ససేమిరా ఒప్పుకోబుద్ధి కాదు. వలసదారుల విషయంలో ఇటలీ బిషప్పులు ఈ ప్రభుత్వ విధానాలను విమర్శిస్తూనే ఉన్నారు.

తెలుగు ప్రాంతాలకు ఈ చరిత్రతో ఏమైనా సంబంధం ఉందా?

రాజకీయంగా లేదు, చర్చి పరంగా ఉంది. మిలాన్ కేంద్రంగా పనిచేసే పీమె మిషనరీ సంస్థ ఫాదర్లు పందొమ్మిదో శతాబ్దం నుంచి హైదరాబాద్, వరంగల్, విజయవాడ ప్రాంతాల్లో పనిచేశారు. వరంగల్ మేత్రాసనానికి మొదటి బిషప్పు అల్ఫోన్సో బెరెత్తా ఆ సంస్థ మనిషే. సహకార బ్యాంకులు, రైతు సంఘాలు పెట్టిన ఉత్తర ఇటలీ విచారణల్లోంచి వచ్చినవాళ్ళు కాబట్టి, గుడితోపాటు బడి, ఆసుపత్రి కట్టడం వాళ్ళకు అలవాటైన పని.

డీసీ పేరుతో ఇప్పటికీ పార్టీ ఉందా?

ఎర్ర సిలువ, 'లిబెర్తాస్' అన్న మాట ఉన్న తెల్ల డాలు గుర్తు యూడీసీ అనే చిన్న పార్టీ దగ్గర ఉంది. అసలు వారసులం మేమేనంటూ మరికొన్ని బృందాలు ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగాయి. వీటిలో దేనికీ దేశవ్యాప్తంగా చెప్పుకోదగ్గ ఓట్లు లేవు. ఆ పార్టీలో పెరిగినవాళ్ళలో ఇవాళ అందరికంటే ఎక్కువ గౌరవం ఉన్న మనిషి రాష్ట్రపతి మత్తరెల్లానే. 1990లో బెర్లుస్కోని టీవీ ఛానళ్ళకు మేలు చేసే చట్టాన్ని సొంత ప్రభుత్వం తెస్తే ఒప్పుకోలేక, విద్యామంత్రి పదవికి రాజీనామా చేసి బయటికొచ్చిన ఐదుగురిలో ఆయన ఒకరు. 2022లో పార్టీలన్నీ కొత్త రాష్ట్రపతి కోసం వారం రోజులు ఓట్లు వేసీ వేసీ ఎవరి మీదా కుదరక, మళ్ళీ ఆయన్నే ఉండమని వెళ్ళి అడిగాయి.